నోరు తిరగాలంటే

స్పానిష్ నేర్చుకునేవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు. యాప్‌లో పాఠాలన్నీ అయిపోయాయి, చదివితే అర్థమవుతోంది, ఎదుటివాళ్లు మాట్లాడితే సగమైనా అందుతోంది. తీరా తమ వంతు వచ్చేసరికి నోరు పెగలదు. దీన్ని బెరుకు ఖాతాలో వేసి ఊరుకుంటారు గానీ, అసలు కారణం అది కాదు. మాట తెలిసి ఉండటం వేరు, కావలసిన క్షణంలో అది నాలుక మీదికి రావడం వేరు. రెండోది మాట్లాడితే తప్ప అబ్బదు.

కెనడా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ 1985లో చెప్పిందీ ఇదే. అక్కడ ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలు కొందరు ఏళ్ల తరబడి బడిలో పాఠాలు ఫ్రెంచ్‌లోనే విన్నారు. అర్థం చేసుకోవడంలో ఫ్రెంచ్ పిల్లలకు దాదాపు సాటి వచ్చారు. మాట్లాడటంలో, రాయడంలో మాత్రం వెనకబడ్డారు. వింటే చాలదు, పలకాలి అని ఆమె తేల్చారు.

మనవాళ్లకు ఇంకో చిక్కుంది. పుస్తకాలూ క్లాసులూ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి, తెలుగులో పుట్టిన ఆలోచన ఇంగ్లిష్ మీదుగా స్పానిష్‌కు చేరుతుంది. ఈ మధ్య మజిలీ దండగ. 'మే గుస్తా ఎల్ కఫే' అంటే 'నాకు కాఫీ ఇష్టం'. ఈ 'నాకు' దగ్గర ఇంగ్లిష్ వాళ్లు తంటాలు పడతారు, మనకది పుట్టుకతో వచ్చిన పద్ధతి. 'నేను' అనకుండానే 'వస్తాను' అన్నట్టు, స్పానిష్ వాళ్లూ క్రియతోనే సరిపెడతారు. నువ్వు, మీరు ఉన్నట్టే 'తూ', 'ఉస్తేద్' ఉన్నాయి. (వాడుక మాత్రం దేశాన్నిబట్టి మారుతుంది. స్పెయిన్‌లో కొత్తవాళ్లను సైతం 'తూ' అనేస్తారు, కొలంబియాలో కొన్నిచోట్ల ఇంట్లోవాళ్లను కూడా 'ఉస్తేద్' అంటారు.) త, ప, కలు మనం పలికినట్టే ఉంటాయి. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. గొర్రె, బుర్ర అనే నాలుకకు ఆ తేడా ఓ లెక్క కాదు.

బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం అనే గోల మాత్రం మనకు కొత్త. మాట్లాడేటప్పుడు అది తప్పిపోతే పోనివ్వండి. వినేవాళ్లకు అర్థమవుతుంది, దిద్దుకోవడానికి తర్వాత వ్యవధి ఉంటుంది.

సాధన విషయంలో నాకు బాగా నచ్చింది న్యూజిలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ 1989లో పరిశీలించి రాసిన 4-3-2 పద్ధతి. ఒక విషయం మీద ఒకరితో నాలుగు నిమిషాలు మాట్లాడాలి. అదే విషయం ఇంకొకరితో మూడు నిమిషాల్లో, మరొకరితో రెండు నిమిషాల్లో చెప్పాలి. మొదటిసారి మాటలు వెతుక్కుంటాం. మూడోసారికి వాటంతటవే వస్తాయి, ఎందుకంటే ఏం చెప్పాలన్న బెంగ తీరిపోయింది, ఎలా చెప్పాలన్నదే మిగిలింది. అందుకే గొప్ప విషయాలు ఎంచుకోకండి. నిన్న వండిన కూర, ఆఫీసుకెళ్లే దారి చాలు.

తడుముకునేటప్పుడు స్పానిష్ వాళ్లు 'పువెస్', 'ఆ వేర్' అంటారు, మెక్సికోలో 'ఎస్తే' అంటారు. మనం 'అంటే... అదీ...' అనుకునే చోట ఇవి పెట్టుకోవాలి. ఆలోచించుకోవడానికి ఊపిరి దొరుకుతుంది, సంభాషణ ఇంగ్లిష్‌లోకి జారిపోదు.

తోడు దొరకడం కూడా అంత కష్టం కాదు. హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో స్పానిష్ బోధిస్తారు, ఆ విద్యార్థుల్లో మాట్లాడే మనిషి కోసం చూసేవాళ్లు ఉండకపోరు. టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఉన్న తెలుగువాళ్లకైతే పనిచోటా అంగట్లోనూ రోజూ స్పానిష్ చెవిన పడుతూనే ఉంటుంది. పలకరించడమే తరువాయి.

ఎవరూ దొరకని రోజు ఆ 4-3-2నే ఒక్కరే మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మాట తట్టకపోతే నిఘంటువు వెంటనే తెరవకండి. తెలిసిన మాటలతోనే దాని చుట్టూ తిరిగి చెప్పండి, రెండు నిమిషాల వంతు కూడా ముగిశాక చూడండి.