గన్ను కొనే ముందు డబ్బా చదవండి

వంటింటి షట్టర్ల రంగు వెలిసిపోయింది. పెయింటర్ చెప్పిన రేటు వింటే గుండె గుభేలుమంది. ఆన్‌లైన్‌లో చూస్తే చేత్తో పట్టుకునే కరెంటు స్ప్రే గన్ను కొన్ని వేలకే దొరుకుతోంది. ఇంకేం, మనమే కొట్టేసుకుంటే పోలా అనిపిస్తుంది. అనిపించడంలో తప్పేమీ లేదు. షట్టర్లు, గుమ్మాలు, కిటికీ చట్రాలు, బీడింగుల మీద బ్రష్షు గీతలు లేకుండా నున్నగా రావాలంటే స్ప్రేని మించింది లేదు. కాకపోతే అందరూ మొదట అడిగేది ‘ఏ గన్ను మంచిది?’ అని. అది రెండో ప్రశ్న. ఆ గన్నులో ఏం పోయబోతున్నారన్నది ముందు తేలాలి. ఇంటికి నిప్పంటుకోవడం, ఊపిరి దెబ్బతినడం చాలావరకు డబ్బాను బట్టే ఉంటాయి.

ముందు డబ్బా

కప్‌బోర్డులకు మన దగ్గర వాడేవి ప్రధానంగా మూడు రకాలు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్, మెలమైన్ లాంటి థిన్నర్ రకాలు ఒకటి. హార్డెనర్ కలిపి కొట్టే టూ-ప్యాక్ పీయూ (పాలీయూరిథేన్) రెండోది. నీళ్లతో పలచన చేసే వాటర్ బేస్డ్ పీయూ, ఎనామెల్ మూడోది.

ఎన్‌సీ థిన్నర్లలో తరచుగా ఉండే టొలీన్ సంగతి చూడండి. 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అది నిప్పంటుకునేంత ఆవిరి విడుస్తుంది. దీన్నే ఫ్లాష్ పాయింట్ అంటారు. లంబసింగి చలిలో తప్ప మన ఇళ్లు ఎప్పుడూ అంతకంటే వెచ్చగానే ఉంటాయి. అంటే మూత తీసిన క్షణం నుంచి నిప్పురవ్వ ఒక్కటే తక్కువ. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు. పైకి పోకుండా నేలబారుగా పాకుతూ పక్క గదిలోకి వెళ్తుంది. గన్ను రంగును సన్నని తుంపరలుగా చీలుస్తుంది కాబట్టి బ్రష్షుతో వేసినప్పటికంటే ఆవిరి చాలా వేగంగా పుడుతుంది.

టూ-ప్యాక్ పీయూ హార్డెనర్‌లో ఉండేవి ఐసోసయనేట్లు. 1984లో భోపాల్‌లో వెలువడిన మిథైల్ ఐసోసయనేట్ వేరు, ఇవి వేరు. అంత తేలిగ్గా ఆవిరయ్యేవి కావు. కుటుంబం మాత్రం ఒకటే. ఒకసారి ఇవి ఒంటికి పడకుండా పోయాయంటే ఆ తర్వాత కాస్త సోకినా ఆయాసం ముంచుకొస్తుంది. హాని చేసే మోతాదులో ఉన్నా వాసన తెలియకపోవచ్చు. అందుకే వీటిని స్ప్రే చేసేవాళ్లకు బయటి నుంచి గొట్టం ద్వారా మంచి గాలి అందించే మాస్కు పెట్టాలంటారు. అది మన ఇళ్లలో ఎవరి దగ్గరా ఉండదు.

కాబట్టి కాపురం ఉంటున్న ఇంట్లో, ముఖ్యంగా ఫ్లాటులో, మొదటి రెండు రకాలూ కొట్టకండి. ఆ అద్దంలాంటి మెరుపే కావాలంటే షట్టర్లు విప్పి స్ప్రే బూత్ ఉన్న వర్క్‌షాపుకి పంపండి. విప్పేటప్పుడు హింజి గుంట లోపల ప్రతి షట్టరుకీ ఒక నంబరు, అది వచ్చిన చోట చట్రం మీదా అదే నంబరు వేసుకోండి. బిగించేటప్పుడు ఎంతో సుఖం. కదలని చట్రాలకు, గుమ్మాలకు వాటర్ బేస్డ్ రకం చాలు. అందులోనూ కొన్నింటికి విడిగా హార్డెనర్ సీసా ఇస్తారు. దాని లేబుల్ మీద ఐసోసయనేట్ అని కనిపిస్తే అదీ పై లెక్కలోకే వస్తుంది, నీళ్లతో కలుస్తోంది కదా అని మోసపోవద్దు.

గన్నుల్లో ఏది?

షట్టర్లకు, బీడింగులకు నా ఓటు హెచ్‌వీఎల్‌పీ రకానికి. గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ అన్నది దాని సూత్రం. గన్ను ముక్కు దగ్గర గాలి ఒత్తిడి 10 పీఎస్ఐ దాటదు. అందుకే రంగు ఎక్కువ భాగం చెక్కకు అంటుతుంది, తక్కువ భాగం గాలిలో తేలుతుంది. గాలిలో తేలిందంటే చివరికి వెళ్లేది మన ముక్కులోకే. దీంట్లో టర్బైన్‌తో వచ్చే సెట్టు ఇంటికి సులువు. కంప్రెసర్‌తో నడిపే గన్ను కొంటే గాలి లెక్క చూసుకోండి. చాలా గన్నులకు నిమిషానికి 8 నుంచి 12 ఘనపుటడుగుల గాలి కావాలి. ఇంట్లో వాడే 1 హెచ్‌పీ కంప్రెసర్ అందులో సగం ఇవ్వడమే గగనం. గాలి చాలక రంగు చుక్కలు చుక్కలుగా పడితే జనం ప్రెషర్ పెంచుతారు, గదంతా పొగమంచు కమ్ముతుంది. గాలి తక్కువ తాగే ఎల్‌వీఎల్‌పీ గన్ను ఇలాంటి కంప్రెసర్లకు నప్పుతుంది.

చవకగా దొరికే కరెంటు గన్నులో మోటారు మీ చేతిలోనే, తుంపరకు జానెడు దూరంలో ఉంటుంది. వాటిలో చాలావాటి మోటారులో కార్బన్ బ్రష్షులు ఉంటాయి, తిరిగినంతసేపూ రవ్వలు రాలుస్తుంటాయి. ఎంత ఫ్లాష్ పాయింట్ కంటే తక్కువ ఉన్నవి పోయకూడదో దాని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఆ ఒక్క లైను కోసమైనా మాన్యువల్ తెరవండి. ఎన్‌సీ థిన్నర్ దానిలో పోయడం ఆత్మహత్యతో సమానం.

అమెరికా నుంచి వస్తున్న అబ్బాయితోనో అల్లుడితోనో గన్ను తెప్పించుకునేవాళ్లకు ఒక మాట. అక్కడి మిషన్లు 120 వోల్టులవి. మన 230లో నేరుగా పెడితే పొగే. సరిపడా వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖరీదు, బరువు, మూడో పిన్ను కోసం వెతుకులాట అన్నీ కలిపితే ఇక్కడ కొనుక్కోవడమే నయం.

ఇక ఎయిర్‌లెస్. ఇది గాలితో పని లేకుండా రంగునే పంపుతో నెడుతుంది. బైకు టైరులో ఉండేది సుమారు 30 పీఎస్ఐ అయితే దీని ఒత్తిడి 3,000 దాకా వెళ్తుంది. గోడలకు, పెద్ద పెద్ద హాళ్లకు బ్రహ్మాండంగా ఉంటుంది. నాలుగు షట్టర్ల వంటింటికి అవసరం లేదు. అద్దెకు తెచ్చుకుంటే మాత్రం కింది భాగం రెండుసార్లు చదవండి.

సూదిమొన అంత గాయం

ఎయిర్‌లెస్ గన్ను టిప్పులోని రంధ్రం సుమారు అర మిల్లీమీటరే ఉంటుంది. దాని ముందు వేలు పెడితే రంగు చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూరి, వేలి నరాల వెంట అరచేతి దాకా పోగలదు. ఎక్కువగా దెబ్బ తినేది గన్ను పట్టని చేతి చూపుడువేలు. టిప్పు మూసుకుపోయిందని ఆ వేలితోనో గుడ్డపేలికతోనో తుడవబోతారు మరి. పైకి సూది గుచ్చుకున్నంత చుక్క తప్ప ఏమీ కనిపించదు. మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. అదే అసలు ప్రమాదం. పసుపో, అయింట్‌మెంటో రాసి పడుకుంటే తెల్లారేసరికి వేలు నల్లబడవచ్చు. ఇది గంటల్లో ఆపరేషన్ చేయాల్సిన గాయం. ఆలస్యమైతే వేలే తీసేయాల్సి వస్తుంది. పక్కనున్న క్లినిక్‌కి కాదు, చేతి సర్జరీ చేసే పెద్దాసుపత్రికి వెళ్లండి. ‘హై ప్రెషర్ పెయింట్ గన్ను లోపలికి కొట్టింది’ అని స్పష్టంగా చెప్పండి, రంగు డబ్బా వెంట తీసుకెళ్లండి. ‘చిన్న దెబ్బ’ అంటే టీటీ ఇంజెక్షన్ చేసి పంపించేస్తారు.

టిప్పు మార్చే ముందు, కడిగే ముందు, చివరికి టీ తాగడానికి లేచినా సరే వరస ఇదే: మిషన్ ఆపండి, ట్రిగ్గర్ లాక్ వేయండి, వాల్వును ప్రైమ్ వైపు తిప్పండి, లాక్ తీసి బకెట్‌లోకి ఒకసారి నొక్కి మిగిలిన ఒత్తిడి వదలండి, మళ్లీ లాక్ వేయండి. స్విచ్ ఆపినంత మాత్రాన గొట్టంలో ఒత్తిడి పోదు. టిప్పు గార్డు లేని గన్ను అద్దెకిస్తే పుచ్చుకోకండి. గ్లవుజు ఉంది కదా అని ధైర్యపడకండి, 3,000 పీఎస్ఐకి అది కాగితం.

దీపం, ఫ్రిజ్, ఇన్వర్టర్

వాటర్ బేస్డే కదా అనుకున్నా ప్రైమరో, స్టెయినో, గన్ను కడిగే ద్రావకమో ఏదో ఒకటి మండేది ఇంట్లోకి వస్తుంది. అందుకని ఏ రకం కొట్టినా ఈ జాగ్రత్త మానకండి. సిలిండర్ రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, సిలిండర్‌ను దూరంగా పెట్టండి. ఫ్రిజ్ ప్లగ్గు పని మొదలుపెట్టక ముందే తీసేయండి. మధ్యలో తీస్తే ఆ రవ్వే చాలు. కరెంటు పోగానే తనంతట తానే అందుకునే ఇన్వర్టర్‌ను చాలామంది మరిచిపోతారు, దాన్నీ ఆపండి. ఇక దేవుడి గది. పొద్దున్న వెలిగించిన దీపం, అగరొత్తి ఉన్నాయేమో పని మొదలుపెట్టేముందు వెళ్లి మీ కళ్లతో చూసి రండి. నేలబారుగా పాకే ఆవిరికి, పీట మీది దీపానికి మధ్య అడుగు దూరం కూడా ఉండదు. పెద్దవాళ్లకు ముందే చెప్పుకుంటే ఆ పూట దీపారాధన ఎదురింట్లోనో గుడిలోనో జరిగిపోతుంది.

వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి థిన్నర్ ఆవిరిని బయటికి లాగాలని చూడకండి. ఆవిరి ఆ మోటారు మీదుగానే పోతుంది. ఒక కిటికీ వైపు నుంచి ఫ్యానుతో బయటి గాలిని లోపలికి కొట్టించి, ఎదుటి కిటికీ తెరిచి ఉంచండి. గన్ను ప్లగ్గు గది బయట ఉండాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో దూర్చకండి. ఆ మూడో పిన్ను ఎర్త్‌ది.

డాబా మీద కొడితే గాలాడుతుంది, నిజమే. గాలి వీస్తే తుంపర కింద ఎవరి తెల్లకారు మీద వాలుతుందో కూడా చూసుకోండి.

మాస్కు, గడ్డం

ముక్కుకు కట్టిన కర్చీఫ్ దేనికీ పనికిరాదు. ఎన్95 తుంపరను ఆపుతుంది, ఆవిరిని ఆపదు. కావాల్సింది సేంద్రియ ఆవిరి కార్ట్రిడ్జి, దాని ముందు తుంపర ఫిల్టర్ ఉన్న రబ్బరు మాస్కు. పెట్టుకున్నాక రెండు అరచేతులతో కార్ట్రిడ్జిలు మూసి గాలి పీల్చండి. మాస్కు ముఖానికి అతుక్కుపోతే సరిగ్గా కూర్చున్నట్టు. పక్కల నుంచి గాలి వస్తుంటే లేనట్టే. గడ్డం ఉంటే ఎంత ఖరీదైన మాస్కయినా కూర్చోదు. ఇక్కడే ఒక చిక్కు. మన ఇళ్లకు రంగులు పడేది సంక్రాంతి ముందు, అయ్యప్ప మాలలు నడిచేదీ అప్పుడే. మాలలో ఉన్న స్వామి గడ్డం తీయడు, తీయమనీ అనలేం. ఆ నలభై ఒక్క రోజులు గన్ను వేరే వాళ్లకు అప్పగించండి, ఆయన లప్పం, సాండ్‌పేపర్ పని చూసుకుంటారు.

కార్ట్రిడ్జిని పని అయ్యాక గాలి చొరని కవరులో వేసి మూయండి. బయట వదిలేస్తే ఊరికే ఉన్నా అరిగిపోతుంది. మాస్కు లోపల వాసన వచ్చిందంటే కార్ట్రిడ్జి ఆయుష్షు తీరింది.

పాత రంగు

పాత ఇళ్ల గుమ్మాలు, కిటికీల మీది ఎనామెల్‌ను పొడిగా గీకకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. తడి చేసి, వాటర్ పేపర్‌తో రుద్దండి. పొట్టు తడిగుడ్డతో ఎత్తండి, చీపురుతో ఊడ్వకండి. పాకే పిల్లలు, గర్భిణులు ఆ రోజుల్లో ఇంట్లో ఉండకుండా చూడండి.

కడిగేటప్పుడు

అలసిపోయి, తొందరలో ఉండి, మాస్కు తీసేసి చేసే పని కాబట్టి చాలా పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పెయింట్ రిమూవర్‌తో గన్ను కడగకండి. మిథిలీన్ క్లోరైడ్ ఉన్న రిమూవర్ గన్నులోని అల్యూమినియంతో కలిసి పేలవచ్చు. థిన్నర్‌తో ఎయిర్‌లెస్ కడగాల్సి వస్తే ఇనుప బకెట్ వాడి, గన్నును దాని అంచుకు గట్టిగా ఆనించి నొక్కండి. ప్లాస్టిక్ బకెట్ అయితే స్టాటిక్ రవ్వ పుట్టవచ్చు. లిన్సీడ్ నూనె అంటిన గుడ్డలు ఉండ చేసి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి మండుతాయి. విడదీసి బయట ఆరేయండి, లేదంటే నీళ్ల డబ్బాలో ముంచి ఉంచండి. కడిగిన థిన్నర్‌ను సింకులో పోయకండి.

మిగిలిన థిన్నర్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టకండి. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. ఎవరైనా పొరపాటున తాగితే ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించకండి, వాంతితో పాటు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేసి, సీసాతో పాటు అసలు డబ్బా కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.