ర్యాంపు ఉంది, ఎక్కడమే కుదరదు

ప్రశ్న: మా మున్సిపల్ ఆఫీసుకి ర్యాంపు కట్టారు. కానీ ఇద్దరు తోస్తే తప్ప నా వీల్‌చైర్ ఎక్కదు. అడిగితే "కట్టాం కదమ్మా" అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెలంగాణ

జవాబు: ముందు టేపు తెప్పించి కొలిపించండి. వాలు 1:12 మించకూడదు. అంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. ఆరేసి అంగుళాల మెట్లు మూడున్నా ర్యాంపు 18 అడుగులు రావాలి. మనవాళ్లు ఐదారు అడుగుల్లో తేల్చేస్తారు; అది ర్యాంపు కాదు, సిమెంటు జారుడుబండ. పక్కన పట్టుకునే కమ్మీలున్నాయా, పైన తలుపు ముందు కుర్చీ తిప్పుకునే చదును ఉందా, కింద బైకులు అడ్డంగా పెడుతున్నారా, ఇవన్నీ ఫొటోలు తీయండి. ఈ బైకుల సంగతి మాత్రం పైసా ఖర్చు లేకుండా రేపే తేలిపోవాల్సింది!

2016 వికలాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్ పాత ప్రభుత్వ భవనాలకూ వర్తిస్తుంది. నియమాలు 2017లో వచ్చాయి. అప్పటి నుంచి లెక్కేస్తే, ఆ భవనాలను మార్చడానికి సెక్షన్ ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే నిండింది. ర్యాంపు వాలు లాంటి ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగలకూడదని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రాతూరీ కేసులో చెప్పింది.

కొలతలు, ఫొటోలు జతచేసి మున్సిపల్ కమిషనర్‌కి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. నకలు సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కలెక్టర్‌కి ఇవ్వండి. కదలకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయండి. ఆ కమిషనర్ సిఫారసు చేస్తే ఏం చేశారో, చేయకపోతే ఎందుకో ఆఫీసు మూడు నెలల్లో జవాబివ్వాలి. అర్జీ మీద మోకాళ్ల నొప్పులున్న పింఛనుదారుల సంతకాలూ పెట్టించండి. ఆ మెట్లు వాళ్లకీ బాధే.