ముందు పెట్టను చూడు

చిరంజీవి అల్లుడికి,

  

నీ ఉత్తరమూ, పుంజు ఫొటో అందాయి. చిలక ముక్కు, నేలను తాకే తోక, మంచి డేగ రంగు. నిలబడిన తీరు చూస్తే నాకే ముచ్చటేసింది. వచ్చే ఏడు దాని పిల్లల్ని అందాల పోటీకి తీసుకెళ్తానన్నావు. సంతోషం. ఖరీదు రాశావు, ఎత్తు రాశావు, తోక ఎన్ని అంగుళాలో కూడా రాశావు. దాని తల్లి ఎలాంటిదో మాత్రం రాయలేదు. నువ్వు అడిగి ఉండవు. అందుకే ఈ ఉత్తరం.

పాతికేళ్ల కిందట నేనూ పుంజుని మాత్రమే చూసి కొన్నాను. ముక్కు అచ్చం చిలక ముక్కే. మూడు పెట్టలతో జత కట్టాను. 14 పిల్లలు ఎదిగొచ్చాయి, ఒక్కదానికీ ఆ ముక్కు రాలేదు. ఈలోగా పుంజు ముక్కే మెల్లమెల్లగా పొడుగ్గా, తిన్నగా పెరగడం మొదలెట్టింది. అప్పుడు తెలిసింది, అరగదీసి వంపు తెచ్చి నాకు అమ్మారని. ముక్కు కూడా మన గోరులాంటిదే, అరగదీస్తే మళ్లీ పెరుగుతుంది. డబ్బు పోయినందుకు బాధపడలేదు. రెండేళ్లు పోయాయి, ఆ దిగులు మాత్రం చాలాకాలం తీరలేదు. నువ్వెప్పుడూ కోడి ముక్కుకి ఆకురాయి తగిలించకు. పోటీ రోజు బహుమతి రావచ్చు, ఆ తరవాత నీ పిల్లల్ని నమ్మి కొన్నవాడు నాలాగే కూర్చుంటాడు.

మన కోళ్లది అసీల్ జాతి. అసీల్ అంటే అరబీలో అసలైనది, వంశం గలది అని అర్థం. వంశం అన్నాక సగం తల్లిదే కదా. పైగా మన కోళ్లలో ఒక చిక్కుంది. పొడుగు తోక పుంజులోనే పూర్తిగా కనబడుతుంది. పెట్టలో ఆ గుణం ఉన్నా బయటికి తెలియదు. కొడుకులు పుట్టి, రెండో ఏడు ఈక మార్చాకగానీ అది ఏం దాచుకుందో బయటపడదు. కాబట్టి పెట్టని ఎంచాలంటే దాని తండ్రినీ, అన్నదమ్ముల్నీ, వీలైతే కొడుకుల్నీ చూడు. ఇక పెట్టలోనే కనబడేవి కొన్నున్నాయి: పొట్టి మందపాటి ముక్కు, నెత్తికి అతుక్కున్న చిన్న తురాయి, తెల్లని కన్ను, ఒంటికి అంటిపెట్టుకున్న గట్టి ఈక, వంకర లేని కాళ్లు. రంగు చివర చూడు. డేగైనా, కాకైనా, సేతైనా ఒడ్డూ పొడుగూ లేకపోతే రంగు ఏం చేస్తుంది?

అమెరికా పౌల్ట్రీ సంఘం వాళ్లు 1981లోనే అసీల్‌ని తమ ప్రమాణాల పుస్తకంలోకి ఎక్కించుకున్నారు. తమిళనాట దిండిగల్ వైపు మన చిలక ముక్కు కోడినే కిలిమూకు విసిరివాల్ అని పిలుచుకుని, పోటీలు పెట్టుకుంటారు. ఇది పుట్టిన నేల మనది. మన పెరట్లో మాత్రం ఏ పిల్ల ఏ పెట్టదో రాసుకునేవాళ్లు తక్కువ. నువ్వు రాసుకో. ఒక నోటుపుస్తకం కొను. పెట్టకో పేజీ: ఎప్పుడు గుడ్లు పెట్టింది, ఎన్ని పిల్లలు దిగాయి, ఎన్ని బతికాయి, దేనికి ఏ లోపం వచ్చింది. పిల్ల దిగిన మర్నాడే కాలివేళ్ల మధ్య పల్చటి తోలుకి చిన్న చిల్లు వేసి గుర్తు పెట్టు. కాలికి రెండు చోట్ల, రెండు కాళ్లకీ నాలుగు చోట్ల. వేసినవీ వేయనివీ కలిపి 16 రకాల గుర్తులొస్తాయి. చిన్న పెంపకానికి అది చాలు.

జత కట్టేటప్పుడు తొందరపడకు. పుంజుకి మూడు నాలుగు పెట్టలు చాలు. మంచి పుంజు గుణం నిలవాలంటే దాని కూతురిని దానికే కట్టొచ్చు. ఆ పిల్లల్లో ముప్పావు వంతు రక్తం దానిదే అవుతుంది. అంతకు మించి లాగకు. అన్నాచెల్లెళ్లని కలపకు. గుడ్లు మురిగిపోవడం, పిల్లలు నీరసంగా దిగడం కనబడితే, రక్తం మరీ దగ్గరపడిందని అర్థం. అందుకే రెండు కుటుంబాల్ని వేరు వేరు గూళ్లలో పెంచి, అవసరమైనప్పుడు ఒకదాని పుంజుని రెండోదానికి ఇవ్వు.

మన పెట్ట గుడ్లు తక్కువే పెడుతుంది. నా దగ్గర ఏడాదికి 40 దాటినవి అరుదు. కానీ పొదగడంలో దానికి సాటి లేదు. 21 రోజులు కదలదు. ఏడో రోజు రాత్రి గుడ్డుని దీపానికి అడ్డంపెట్టి చూడు, నరాలు కట్టనివి తీసెయ్యి. పిల్లలకి మొదటి వారంలోనే కొక్కెర తెగులు చుక్కలు వేయించు, రెండో నెలలో రెక్క కింద సూది. తేదీలు పశువుల డాక్టరు చెప్పినట్టే పాటించు. ఊక తడిసిందంటే రక్తపారుడు వెంటనే దాపురిస్తుంది, రోజూ తిరగేసి ఆరబెట్టు.

పోటీ కోడికి తోకే ప్రాణం. విరిగిన ఈక మళ్లీ ఈక మార్చేదాకా రాదు. దండెం తోక పొడవుకన్నా ఎత్తులో, గోడకి దూరంగా కట్టు. ఈక మార్చే కాలంలో మేత బలంగా ఉండాలి, ఎందుకంటే ఈక దాదాపు అంతా మాంసకృత్తే. గంట్లు, చోళ్లతోపాటు ఉడికించిన గుడ్డు, ఎండుచేప, వేరుశనగ చెక్క పెట్టు. బూజు పట్టిన చెక్క మాత్రం విషం. పోటీకి నెల ముందునుంచే పుంజుని బోనులో నిలబడటానికి, మనిషి చేతికి అలవాటు చెయ్యి. రెండు మూడు రోజుల ముందు గోరువెచ్చని నీళ్లతో కడిగి, బాగా ఆరనివ్వు.

ఇంకొక్క మాట. సంక్రాంతికి ఎవరో బరికి అడుగుతారు, పెద్ద డబ్బు ఆశ చూపుతారు. జంతువుల్ని కొట్లాటకి దింపడం 1960 చట్టం ప్రకారం నేరం. అది అలా ఉంచు, నువ్వు పిల్లప్పటినుంచీ చేతులారా మేపిన ప్రాణికి కత్తి కట్టే చెయ్యి నీది కాకూడదు.

మొదటి ఏడు నీ పిల్లల్లో తోక కనబడదు. రెండో ఏడు ఒకటో రెండో నిలుస్తాయి. నిరుత్సాహపడి అమ్మేయకు.

పండక్కి వచ్చినప్పుడు నా దగ్గర రెండు పెట్టలు తీసుకెళ్లు. చూపుకి సాదాగా ఉంటాయి. ఫొటో తీస్తే ఎవరూ మెచ్చుకోరు. వాటి కొడుకులు నలుగురు నా గూట్లో ఉన్నారు. ముందు ఆ పుంజుల తోకలు చూడు, తరవాత పెట్టల్ని గంపలో పెట్టుకో. వాటి పేజీలు నా పుస్తకంలోంచి రాసి ఉంచాను, నీ పుస్తకం అక్కణ్ణుంచే మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
నీ మామయ్య