తరిమెన పనికి పచ్చి దుంగల తయారీ: అంకుడు కర్ర ఉదాహరణ

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ బొమ్మల రంగుల గురించి, లక్క గురించి వెలువడిన రచనలు అనేకం. కొట్టిన రోజు మొదలు తరిమెన, అనగా లేత్ యంత్రం, ఎక్కే రోజు వరకు కర్ర పొందవలసిన సంరక్షణ గురించి చెప్పినది స్వల్పం. పొలం గట్లపై అంకుడు పెంచదలచిన రైతుకు ధర నిర్ణయమయ్యేది ఈ వ్యవధిలోనే. పగలకుండా ఆరిన దుంగ బొమ్మల కర్ర అవుతుంది, పగిలినది వంటచెరకవుతుంది.

అంకుడు, శాస్త్రీయంగా రైటియా టింక్టోరియా, గన్నేరు కుటుంబానికి చెందిన చెట్టు. కర్ర తెల్లగా, సన్నని పోగుతో ఉండి ఉలికి సులభంగా లొంగుతుంది. కర్ణాటకలోని చెన్నపట్న బొమ్మలకూ ఇదే ఆధారం. నరికిన మోడు తిరిగి చిగురిస్తుంది కనుక చెట్టును పెకలించనవసరం లేదు.

పచ్చి కర్రలో నీరు రెండు విధాలుగా ఉంటుంది. కణాల బోలులో ఉన్న నీరు పోయినంత మాత్రాన కర్ర ముడుచుకోదు. తేమ సుమారు 30 శాతానికి దిగిన తరువాత కణాల గోడల్లోని నీరు పోవడం మొదలై సంకోచం ఆరంభమవుతుంది. ఈ సంకోచం అన్ని వైపులా సమానం కాదు. వలయాల వెంబడి ముడుచుకునేది, కేంద్రం నుంచి బెరడు వైపు ముడుచుకునే దానికి దాదాపు రెట్టింపు. గుండ్రని దుంగ చీలేది ఈ తేడా వల్లనే. పైగా కోసిన చివరల నుంచి నీరు పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది కనుక బీటలు అక్కడే మొదలవుతాయి.

అందువల్ల దుంగను కావలసిన కొలత కంటే రెండు వైపులా 5 సెంటీమీటర్లు అదనంగా కోసి, అదే రోజు చివరలకు కరిగించిన పారఫిన్ మైనం పట్టించాలి. మైనాన్ని నేరుగా మంటపై కాక వేడినీటి గిన్నెలో ఉంచి కరిగించడం క్షేమం. కొన్నిచోట్ల పేడ పూస్తారు. ఏమీ పూయకపోవడం కంటే అది మేలే గాని ఆరిన పేడ తానే పగులుతుంది. మరునాడు పూద్దామనుకుంటే మండుటెండల్లో అప్పటికే చివరలు నెర్రెలిచ్చి ఉంటాయి.

బెరడు విషయంలో ఒకే నియమం చెప్పడం తగదు. ఉంచితే కర్ర నిదానంగా ఆరుతుంది, కాని దాని కింద పురుగు చేరుతుంది. వేసవిలో కొన్ని వారాలు ఉంచి తీయడం, వానాకాలంలో వెంటనే తీసి బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ముంచడం సమంజసం. లావు దుంగలను నడిమి బెండు మీదుగా రెండుగా చీల్చాలి. కుంకుమ భరిణె వంటి బోలు వస్తువులో ఆ బెండు తవ్వుడుతోనే పోతుంది. గిన్నెల వంటి వాటిని పచ్చిగా ఉండగానే ముతకగా తరిమెన పట్టడం మంచిది. గోడ మందం వ్యాసంలో పదో వంతు ఉంచి, అనగా 15 సెంటీమీటర్ల గిన్నెకు 1.5 సెంటీమీటర్లు, కాగితపు సంచిలో నీడన ఆరనిచ్చి, వంకర తిరిగిన దానిని మళ్లీ గుండ్రం చేసుకోవచ్చు.

ఆరిందో లేదో చేతితో తడిమి చెప్పడం నమ్మదగినది కాదు. ముక్కపై తేదీ, బరువు రాసి వారానికొకసారి తూచాలి. వరుసగా మూడు వారాలు బరువు మారకపోతే అక్కడి గాలికి సరిపడా ఆరినట్లే. ప్రయోగశాలలో నమూనాను 103 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టి లెక్కిస్తారు. 180 గ్రాముల పచ్చి ముక్క 100 గ్రాములకు దిగితే తేమ 80 శాతం. తడి మిగిలిన కర్రపై లక్క గట్టిగా పట్టదు.

ఇక్కడ 'అక్కడి గాలికి' అన్న మాట గమనించదగినది. గాలిలో తేమ 75 శాతం ఉండే తీరప్రాంతంలో కర్ర సుమారు 14 శాతం తేమ వద్ద నిలుస్తుంది. వేసవిలో సికింద్రాబాద్‌లో గాలి తేమ 40 శాతం దరిదాపులకు దిగితే అదే కర్ర 8 శాతం వరకు ఆరుతుంది. మొత్తం సంకోచం 6 శాతం అనుకుంటే 10 సెంటీమీటర్ల మూత దాదాపు 1.2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఏటికొప్పాకలో బిగువుగా అమరిన మూత సికింద్రాబాద్ దుకాణంలో వదులు కావడానికి పనివాని లోపమే కారణమనుకోవడం అన్యాయం. పీఠభూమి పట్టణాలకు పంపదలచిన కర్రను చివరి తరిమెనకు ముందు కొన్ని వారాలు పొడి గదిలో ఉంచాలి. సికింద్రాబాద్‌లోనే పనిచేసేవారికి కష్టం వేరు. ఇక్కడ వేసవిలో కొట్టిన దుంగ ఆరడం ఆలస్యం కాదు, అతి వేగమవుతుంది. గాలివానకు పడిన వేప, నిద్రగన్నేరు దుంగలను కూడా తడి గోనె కప్పి నీడకు చేర్చి, మైనం పూసిన తరువాతే తక్కిన పని ఆలోచించాలి.