తేనె తిన్నవారి నాడి ఎందుకు పడిపోతుంది?

తేనె ఔషధమని మనమంతా చిన్నప్పటి నుండి వింటున్నాం. అయితే టర్కీలోని నల్లసముద్ర తీరంలోనూ, నేపాల్ కొండల్లోనూ దొరికే ఒక రకం తేనె మనిషిని పడగొడుతుంది. క్రీ.పూ. 401లో ఆ తీరం మీదుగా వెళ్తున్న గ్రీకు సైనికులు తేనె తిని, వాంతులు విరేచనాలతో నేల మీద పడిపోయారని వారి నాయకుడు జెనోఫన్ రాసిపెట్టాడు. మర్నాటికి తెలివి వచ్చింది. లేచి నిలబడడానికి మూడు నాలుగు రోజులు పట్టింది.

కారణం అక్కడి రోడోడెండ్రాన్ పూలు. వాటి మకరందంలోని గ్రయానోటాక్సిన్ నరాల్లో, గుండె కణాల్లో సోడియం వెళ్లే దారులను మూసుకోనివ్వదు. చెమటలు పడతాయి, కళ్లు తిరుగుతాయి, రక్తపోటు తగ్గుతుంది. నిమిషానికి 60 నుండి 100 సార్లు కొట్టుకోవలసిన గుండె 40కి కూడా దిగవచ్చు.

ఈ విషాన్ని పట్టే పరికరాలు పెద్ద ప్రయోగశాలల్లోనే ఉంటాయి. కాబట్టి డాక్టరు నాడి, బి.పి., ఇ.సి.జి. చూసి, "ఏం తిన్నావు?" అని అడుగుతారు. రోగ నిర్ధారణలో సగం ఆ జవాబే. సెలైన్, అట్రోపిన్‌లతో చాలామంది ఒక రోజులో కోలుకుంటారు.

మన ఇబ్రహీంపట్నం వైపు ఆ పూలు లేవు. కానీ పచ్చగన్నేరు ఉంది. దాని విషం వేరు, అయినా అదీ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, ప్రాణమే తీయగలదు. వార్డెన్ సార్ తిడతారని మన తమ్ముళ్లు దాచేది సరిగ్గా ఆ జవాబునే! గింజ తిన్నవాణ్ణి 108లో పంపేటప్పుడు మిగిలిన కాయను కాగితంలో చుట్టి వెంట పంపాలి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించరాదు. పిల్లవాడు బాగానే ఉన్నట్టు కనిపించినా గుండె లయ గంటల తర్వాత తప్పవచ్చు కనుక, ఆసుపత్రిలోనే ఉంచి ఇ.సి.జి. మళ్లీ మళ్లీ తీస్తారు.