ప్రక్కకు తిరిగి చూచుట

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 3:1–6, అపొస్తలుల కార్యములు 17:16–34



మోషే కథ మన సండేస్కూలు బిడ్డలకు కూడ కంఠతా వచ్చును. పొద మండెను, కాలిపోలేదు, దేవుడు మాటలాడెను. ఇంతవరకు చెప్పి మనము వెంటనే ఫరో యొద్దకు పరుగెత్తుదుము. అయితే మూడవ వచనములోను నాలుగవ వచనములోను ఒక చిన్న సంగతి కలదు. అనేక పర్యాయములు ప్రసంగించియు నేను దానిని గమనింపనైతిని. మోషే ఆ వింత యేమో చూడవలెనని త్రోవ విడిచి ప్రక్కకు తిరిగెను. అతడు తిరుగుట ప్రభువు చూచెను. అటుపిమ్మటనే పేరు పెట్టి పిలిచెను.

అప్పటికి మోషేకు ఎనుబది ఏండ్లు (నిర్గమ. 7:7). మిద్యానుకు వచ్చి నలువది ఏండ్లు గడచినవి (అపొ. 7:30). మామ మందను మేపుచు తిరిగిన ఆ అరణ్యములో అతడెరుగని రాయి గాని పొద గాని ఎన్ని ఉండును? ఎండిన పొదకు నిప్పంటుకొనుట గొప్ప వింత కాదు. ఎంతసేపు మండినను కాలిపోకుండుటయే వింత. అది తెలియవలెనంటే కొంతసేపు నిలిచి చూడవలెను. పొద్దు పోవుచున్నదనియు, మంద చెదరిపోవుననియు సాకు చెప్పి సాగిపోవుటకు అతనికి వీలుండెను.

ఈ వచనము నా కంటబడిన విధము చెప్పెదను. మా సంఘపు యువకుడొకడు హైదరాబాదులో మాదాపూర్ నందు ఒక కంప్యూటరు కంపెనీలో పనిచేయుచున్నాడు. తల్లి కూలిపని చేసి అతనిని చదివించినది. గత వేసవిలో ఆమె వచ్చి, "అయ్యగారూ, పిల్లవాడు సరిగా అన్నం తినడం లేదట. ఒక్కసారి చూచి రండి" అని బ్రతిమాలగా వెళ్లితిని. హైటెక్ సిటీకి మెట్రో రైలు 2019లోనే వచ్చినను, నేను దానినెక్కుట అదే మొదలు. కదిలెడు మెట్ల యొద్ద పాదము మోపుటకు జంకి నిలిచిపోగా, వెనుకనున్న ఒక చిన్నపిల్ల నా చేయి పట్టుకొని ఎక్కించెను. అయ్యగారి గాంభీర్యము అక్కడ పనికిరాలేదు.

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు ప్రారంభించిన సైబర్ టవర్స్‌ను ఆ యువకుడు నాకు చూపెను. చుట్టును అద్దాల మేడలే. "ఇక్కడివారందరు గొప్ప జ్ఞానులే గదా" అంటిని. అతడు నవ్వలేదు.

"అయ్యగారూ, నేను కాలేజీలో నేర్చుకొన్నది పాతబడిపోయింది. ప్రోగ్రాములు ఇప్పుడు కంప్యూటరే రాస్తున్నది. మళ్లీ మొదటినుంచి నేర్చుకొమ్మంటున్నారు. తప్పు చేస్తే నాకంటె చిన్నవాళ్లు నవ్వుతారని భయం. రాత్రి నిద్ర పట్టడం లేదు" అనెను.

ఓదార్చుటకు నేను చదివిన సంగతి యొకటి చెప్పితిని. బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ల గారు 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్టు కంపెనీకి అధిపతియైరి. ఆ కంపెనీకి గచ్చిబౌలిలో పెద్ద ప్రాంగణము కలదు. అధిపతియైన దినమున ఉద్యోగులకు వ్రాసిన లేఖలో ఆయన తన్ను గూర్చి చెప్పుచు, తెలిసికొనవలెనను ఆశయు నేర్చుకొనవలెనను దాహమును తనకు ముఖ్యమనియు, చదివి ముగింపగలిగిన వాటికంటె ఎక్కువ పుస్తకములు కొనుచుందుననియు వ్రాసిరి. కరోల్ డ్వెక్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు 2006లో ప్రకటించిన గ్రంథము ఆయనకు తోడ్పడెను. అన్నియు నాకు తెలియుననువానికంటె అన్నియు నేర్చుకొందుననువాడే తుదకు ముందుకు పోవునని తన కంపెనీవారికి ఆయన పలుమారు చెప్పిరి. ఆయన మన సంఘస్థుడు కాడు. అయితే సోమరిని చీమ యొద్దకు పాఠమునకు పంపిన సొలొమోను, ఒక కంపెనీ అధిపతి యొద్దకు వెళ్లవద్దనడు.

అంతయు విని ఆ యువకుడు నెమ్మదిగా, "మరి మీరు ఈమధ్య కొత్తగా ఏం నేర్చుకొన్నారు, అయ్యగారూ?" అని అడిగెను.

నాయొద్ద జవాబు లేదు. సెమినరీలో వ్రాసికొన్న నా నోట్సుకు అట్ట చినిగినది గాని అందులోని ప్రసంగములు మారలేదు. తిరుగు ప్రయాణములో నిర్గమకాండము తెరచి, ఆ మూడవ వచనము దాటలేకపోతిని.

తెలిసికొనవలెనను ఆశయే గదా హవ్వను పడగొట్టినదని కొందరు పెద్దలు అడుగుదురు. హవ్వకు ఆజ్ఞ స్పష్టముగా నియ్యబడెను. ఆమె ఆజ్ఞాపించినవానినే అనుమానించెను. మోషేయైతే దగ్గరకు రావద్దని వినగానే నిలిచి, చెప్పులు విడిచెను. నాకు హవ్వకంటె ఏథెన్సువారు ఎక్కువ భయము పుట్టింతురు. క్రొత్త సంగతి చెప్పుటకును వినుటకును తప్ప వారు మరి దేనికిని తీరిక చేసికొనలేదని లూకా వ్రాసెను. పౌలు మాటయు వారికి ఆ దినపు వింతయే. కొందరు నవ్విరి, కొందరు మరియొకసారి విందుమనిరి. దియొనూసియు, దమరి మొదలగు కొందరే నిలిచిరి. నేడు చేతిలో ఫోను పట్టుకొని గంటకు నూరు వింతలు వ్రేలితో త్రోసివేయుచున్న మనము ఏథెన్సులో కాపురము చేయుచున్నాము. ఏ వింత యెదుటను చెప్పులు విడుచుట లేదు.

ఇక నా పొద సంగతి. మా మందిరములో ముందువరుస చాపమీద ఒక బాలుడు కూర్చుండును. పుట్టు చెవుడు. పట్టణమందలి బధిరుల పాఠశాలలో చదువుచు సెలవులకు ఇంటికి వచ్చును. ఆరేండ్లుగా ఆరాధన ముగియగానే వాని తల నిమిరి నేను ముందుకు పోవుచుంటిని. నా ప్రసంగములో ఒక్క మాటయు వానికి వినబడదని నాకు తెలియును. ఆ గంటసేపు వాడేమి తలంచుచుండునో తెలిసికొనవలెనని నాకెన్నడును తోచలేదు.

ఢిల్లీలో 2015లో స్థాపింపబడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రమువారు ఒక నిఘంటువు సిద్ధపరచిరి. 2018లో మూడు వేల మాటలతో మొదలై, 2021 నాటికి అది పది వేలకు పెరిగెను. ఒక్కొక్క మాటకు సైగ ఎట్లు చేయవలెనో వీడియోలో చూపుదురు. ఆ యువకుడే దానిని నా ఫోనులో వెదకిపెట్టెను. అతడును క్రొత్త పాఠములో చేరి, పరీక్ష ఒకసారి తప్పి, మరల చదువుచున్నాడు. అన్నము తినుచున్నాడని తల్లి చెప్పినది.

నేను రాత్రి భోజనమైన తరువాత అద్దము ముందు కూర్చుందును. రోజుకు ఐదు మాటలు. నలుబది దాటిన వ్రేళ్లు త్వరగా వంగవు. దోమలు తోలుచున్నారా అని ఇంటివారు అడుగుదురు.

సంక్రాంతి సెలవులకు బాలుడు వచ్చినప్పుడు, నీ పేరేమని సైగతో అడిగితిని. వాడు నావైపు వింతగా చూచి పకపక నవ్వెను. లేచివచ్చి, నా మణికట్టు పట్టుకొని, అరచేయి త్రిప్పి చూపెను. మరల తప్పితిని. మూడవసారి తలయూపెను. తరువాత వాడేదో గబగబ అడిగెను. నాకు తెలియలేదు, వాని తల్లికిని తెలియలేదు. అప్పుడు వాడు సండేస్కూలు పలక తెచ్చి వ్రాసెను: "మీరు చెప్పేటప్పుడు అందరూ నవ్వుతారు. ఎందుకు?"

ఆ ఆదివారము నేను చెప్పినది ఎద్దు తప్పిపోయిన రైతు కథ. దానికి కావలసిన మాటలలో నాకు ఇప్పటికి వచ్చినవి నాలుగు. వేసవి సెలవులకు ఇంక రెండు నెలలున్నవి.