దైవప్రేమయు సహపంక్తియు

కొరింథు పట్టణపు సంఘమునకు పౌలు వ్రాసిన మొదటి లేఖలో ప్రేమను వర్ణించెడు పదుమూఁడవ అధ్యాయమును క్రైస్తవులే గాక చదువుకొన్న ఇతర మతస్థులును మెచ్చుకొనుచుందురు. పెండ్లి సమయములయందు దానిని చదువుదురు. పటము గట్టించి గోడలకు వ్రేలాడఁదీయుదురు. అయితే ఆ మాటలు ఎట్టివారి నుద్దేశించి వ్రాయఁబడినవో విచారించువారు తక్కువ. అదే లేఖను రెండధ్యాయములు వెనుకకుఁ ద్రిప్పి చూచినయెడల సంగతి బోధపడును. ఆ సంఘమువారు ప్రభుభోజనమునకని ఒకచోటఁ గూడుచుండిరి. కలిగినవారు ఎవరి భోజనము వారు ముందుగాఁ దిని, త్రాగి మత్తిల్లుచుండిరి. లేనివారు ఆఁకలితోఁ జూచుచుండిరి. మీకు తినుటకుఁ ద్రాగుటకు ఇండ్లు లేవా యని పౌలు వారిని గట్టిగా మందలించెను. వరములను గూర్చి వారిలో వారికిఁ గలిగిన స్పర్ధయు ఆ లేఖకుఁ గారణమే. కాని భోజనపు తగవును మఱచి ప్రేమాధ్యాయమును చదువుట, దావా పత్రమును చూడక తీర్పును మాత్రము చదువుట వంటిదని మా న్యాయవాద వృత్తి మమ్మునుఁ దోఁపించుచున్నది.

కొరింథులోని భేదము ధనమువలనఁ గలిగినది. అంతియొకయలో జరిగినది జాతిభేదము. అది మనకు మఱింత సమీపము. యూదుఁడైన పేతురు అక్కడి అన్యజనులతోఁ గలిసి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి కొందఱు స్వజనులు రాఁగానే భయపడి వెనుదీసి వేఱుగాఁ గూర్చుండెను. అతనిని జూచి తక్కినవారును అట్లే చేసిరి. పౌలు అందఱియెదుట ముఖముననే అతనిని తప్పుపట్టినట్లు గలతీయులకు వ్రాసిన లేఖలో నున్నది. పేతురు దేవుని ప్రేమను గూర్చి తప్పుగా బోధించెనని యెవ్వరును అనలేదు. బోధ సరిగానే యున్నది. కూర్చున్న చోటు మాఱినది. పౌలు దానినే సువార్తకు విరోధమనెను. దైవప్రేమ యనునది క్రైస్తవ సంఘమున ముందు పంక్తిలోఁ బరీక్షింపఁబడినదనియు, సిద్ధాంతములు పిమ్మట వచ్చినవనియు మా యభిప్రాయము. ఆ మతమున సహవాస మనెడు మాటకు ఇంత ప్రాధాన్యము గలుగుటకును కారణ మిదియే.

రాజా రామమోహన రాయలవారు 1820లో క్రీస్తు నీతిబోధలను నాలుగు సువార్తలనుండి యేర్చికూర్చి ప్రకటించినప్పుడు ఈ లేఖలను విడిచిపెట్టిరి. అద్భుతములును మతసిద్ధాంత వివాదములును లేకుండ బోధకుని హితవాక్యములు మాత్రమే లోకమునకుఁ జాలునని వారి యూహ. వారియెడ మాకుఁ గల గౌరవము చదువరు లెఱుఁగనిది కాదు. అయినను హితవాక్యములకంటె ఆ తొలి సంఘముల తగవులే మాకెక్కువ నేర్పినవని చెప్పక తప్పదు. వాక్యమును ఒంటరిగాఁ గూర్చుండి మెచ్చుకొనవచ్చును. తగవునకు మఱియొకఁడు ప్రక్కను ఉండవలెను. రాయలవారు 1833 సెప్టెంబరు 27వ తేదీని బ్రిస్టలు నగరమున దేహము చాలించునాఁటికిని వారి మెడలో యజ్ఞోపవీత ముండెను.

ఆ 1833వ సంవత్సరముననే దక్షిణదేశమున మఱియొక సంగతి జరిగినది. తంజావూరు మొదలగు చోట్ల క్రైస్తవ దేవాలయములలో శూద్రులైనవారు ఒకవైపునను, పంచములైనవారు వేఱొకవైపునను గూర్చుండుచుండిరి. ప్రభుభోజన పాత్రను అందుకొనుటయందును ముందు వెనుకలుండెను. కలకత్తా బిషప్పైన డేనియల్ విల్సన్ ఆ యేఁటి జూలై మాసమున ఒక యుత్తరువు పంపి, సంఘమున కులభేదము ఇఁక నుండరాదని శాసించెను. దానికిఁ గోపించి చాలమంది దేవాలయమునే విడిచిపోయిరి. దేవుఁడు ప్రేమాస్వరూపుఁడనిన మాటను వారెవ్వరును ఆక్షేపింపలేదు. పాత్ర యెవరి పెదవి తాఁకిన పిమ్మట తమకు వచ్చునో అనుటయే వారి యాక్షేపణ.

మన యుత్తర సర్కారులలో కథ వేఱుగా నడచినది. విశాఖపట్టణమునకు 1805లో వచ్చిన క్రాన్, డెగ్రాంజి యను ఇరువురు మిషనరీలు తెలుఁగు నేర్చి సువార్తలను భాషాంతరీకరింపఁ బూనిరి. ఆ పనిలో వారికి ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుఁడు తోడ్పడెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను మరణించిరి. మూఁడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడినవి. తాము నాటిన చెట్టు ఫలమును వారు కన్నులఁ జూడలేదు. పిమ్మట 1833లో పురుషోత్తమ చౌదరిగారు బాప్తిస్మము పొందిరి. వారు 1803లో జన్మించిరి. పర్లాకిమిడి ప్రాంతమున స్థిరపడిన వంగ బ్రాహ్మణ కుటుంబము వారిది. శ్రీకాకుళమున హెలెన్ నాట్ అను స్త్రీ వారికి క్రైస్తవమత విషయములను బోధించెను. శాస్త్రము చదివిన బ్రాహ్మణుఁడు ఒక స్త్రీయెదుటఁ గూర్చుండి ధర్మము వినుట ఆ దినములలో సామాన్యమైన సంగతి గాదు. పంక్తి మాఱుట అక్కడనే యారంభమైనదని మేము తలంచుచున్నాము.

ఇచ్చట ఒక చట్టపు మాట చెప్పవలసియున్నది. మతము మాఱినవాఁడును కులమునుండి వెలివేయఁబడినవాఁడును ఆస్తిహక్కును కోలుపోఁగూడదని ఈ దేశమంతటికిని వర్తించునట్లు శాసించినది 1850 నాఁటి 21వ చట్టము. చౌదరిగారు బాప్తిస్మము పొందినది దానికిఁ బదునేడేండ్లు ముందు. అప్పటి మదరాసు రాజధానిలో అట్టి కార్యము చేసినవానికి పిత్రార్జితము దక్కునను నమ్మకము లేదు. బంధువుల యింటి గడపయు మూసికొనిపోవును. ఇంత యెఱిఁగియు వారు దిగివచ్చిరి. దిగివచ్చినవారిని మనము వేనోళ్లఁ బొగడుదుము. వచ్చినవానికిఁ జోటిచ్చినవారిని మాత్రము ఎవ్వరును తలంపరు. అగ్రవర్ణము విడిచి వచ్చినవానికి తమ కంచములోనిది పెట్టినవారు, ఎన్నియో తరములుగా అట్టివారి వీథిలో నడువనోఁచనివారు. వారి క్షమ మాకు చౌదరిగారి త్యాగముకంటెను పెద్దదిగాఁ దోఁచును.

చౌదరిగారు 1890లో పరలోకగతులైరి. రాగతాళములతోఁ గూడిన వారి పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున నున్నవి. బాప్తిస్టులు, లూథరనులు, 1947లో నేర్పడిన దక్షిణ ఇండియా సంఘమువారు, బాప్తిస్మ విషయమునను సంఘపాలన విషయమునను ఎంత భేదించినను ఆ పాటలు పాడునప్పుడు మాత్రము ఒకటే గొంతుక. ఆదివారము ప్రాతఃకాలమున బొబ్బిలిలోనో పాలకొండలోనో మందిరము ప్రక్కను నడచువాఁడు రాగమును వినియే గుర్తుపట్టఁగలఁడు.

అయితే సంఘమునకు లోపలను వెలుపలను కులము చచ్చినదని చెప్పుటకు వీలులేదు. 1950 నాఁటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. ఆంధ్రదేశమున అట్టివారిని వెనుకఁబడిన తరగతులలో 'సి' విభాగమునఁ జేర్చి నూటికి ఒకటి చొప్పున రిజర్వేషను ఇచ్చిరి. క్రైస్తవమున కులము లేదు గావున వారికిఁ గులబాధయు లేదని ఆ యుత్తరువు వెనుక నున్న తర్కము. ఆ తర్కమును విన్నపుడెల్ల మాకు నవ్వు వచ్చును. కొన్ని చోట్ల క్రైస్తవ శ్మశానములలోఁ గూడ హద్దు లున్నవి.

క్రీస్తు కుష్ఠరోగిని ముట్టి స్వస్థపఱచెనని మార్కు సువార్త మొదటి యధ్యాయమున నున్నది. మాట చేతనే బాగుచేయఁగల వానికి ముట్టవలసిన పనిలేదు. మోషే ధర్మశాస్త్రము ప్రకారము ఆ రోగి పాళెము వెలుపల నుండవలెను, తాను అపవిత్రుఁడనని కేకవేయుచు నడువవలెను. ఎన్నియో యేండ్లుగా మనుష్యస్పర్శ నెఱుఁగనివానికి ముందుగాఁ గావలసినది ఆ చేయియే. సాలూరులోని కుష్ఠరోగుల యాసుపత్రికి ఫిలడెల్ఫియా యని పేరు పెట్టిరి. గ్రీకు భాషలో ఆ పదమునకు సహోదరప్రేమ యని యర్థము. ఆ యూరు ముందు విజయనగరము జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురము మన్యము జిల్లాలోఁ జేరినది. మైదానపు పల్లెలనుండియు కొండగూడెములనుండియు ఇల్లు వెడలఁగొట్టఁబడినవారు అచ్చటఁ జేరుచుండిరి. వారి పుండ్లు కడిగినవారి చేతులు ముందుగా ఆ వ్యాధిని తెలిసికొన్న చేతులు గావు. మందు సరిగా లేని దినములలోనే కడిగినవి.

మందు పిమ్మట వచ్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళౌషధ చికిత్స 1980లనుండి వ్యాపించినది. చికిత్స మొదలిడిన కొలఁది కాలములోనే రోగి నుండి వ్యాధి యితరులకు సోఁకుట నిలిచిపోవును. చట్టము మాత్రము మెల్లగా నడచినది. కుష్ఠరోగులను నిర్బంధించుటకు 1898లో చేసిన శాసనము 2016 దాఁక రద్దుగాలేదు. కుష్ఠును విడాకులకుఁ గారణముగాఁ జూపుట హిందువుల వివాహచట్టమునందును క్రైస్తవుల విడాకుల చట్టమునందును ఉండెను. 2019లో దానిని తొలఁగించిరి.

ఈ చట్టములన్నియు మాకుఁ గంఠస్థములు. అందుచేతనే తరువాత చెప్పబోవు సంగతి మమ్మును మిక్కిలి సిగ్గుపఱచుచున్నది.

కొన్ని యేండ్ల క్రిందట ఒక క్రైస్తవ స్త్రీ తన తండ్రి భూమిలో భాగము కొఱకు విజయనగరములోని మా కచ్చేరికి వచ్చినది. చిన్నతనమున ఆమెకుఁ గుష్ఠు సోఁకినది, నయమై చాలకాలమైనది, వ్రేళ్లు మాత్రము కొన్ని అరిగిపోయినవి. రోగియైన దానికిని, మతము విడిచిన దానికిని భాగము లేదని తమ్ముఁడు వాదించుచున్నాఁడట. మేము ఉత్సాహముతో చట్టము విప్పి చూపితిమి. 1956 నాఁటి హిందూ వారసత్వ చట్టములోని 28వ సెక్షను ప్రకారము ఏ వ్యాధియు వారసత్వమునకు అడ్డు గాదు. 26వ సెక్షను మతము మాఱినవారికిఁ బిమ్మటఁ బుట్టిన సంతానమును గూర్చి చెప్పునే గాని మాఱినవారి సొంత హక్కును తీసివేయదు. రెండాక్షేపణలును నిలువవని ఆమెకు ధైర్యము చెప్పితిమి. ఎండకాలము గావున గుమాస్తా అందఱికిని మంచినీళ్లు తెచ్చెను. మాకును తక్కిన కక్షిదారులకును బల్లమీఁది గ్లాసులు. ఆమెకు మాత్రము కిటికీ గట్టునుండి సొట్టలు పడిన యొక పాతగ్లాసు. మేము చూచితిమి. ఏమియు ననలేదు.

ఆమె సగము త్రాగి, మెల్లగా "బాబూ, ఈ గలాసు నాతో అట్టుకుపోనా, ఇక్కడే ఎట్టీనా?" యని యడిగినది. ఎత్తిపొడుపు కాదు. ఎన్నియో యిండ్లలోఁ జెప్పించుకొన్న మాట గావున ముందే యడిగినది. మాకు మాట రాలేదు. ఆమెతో వచ్చిన ముసలిది, వారి సంఘస్థురాలు, ఆ గ్లాసు అందుకొని మిగిలిన నీళ్లు తాను త్రాగి, మా గ్లాసుల నడుమ బోర్లించి, "ఎండలు మండిపోతన్నాయి" అన్నది. అంతకంటె నేమియు ననలేదు. వకాలతుమీఁద వ్రేలిముద్ర వేయవలసి వచ్చినప్పుడు గుమాస్తా వెనుకాడఁగా, ఆ ముసలిదే ఆమె బొటనవ్రేలిని తన చేతిలోఁ బట్టి సిరాబిళ్లపై నద్ది కాగితముపై మోపినది. ముద్ర సరిగా పడలేదు. రెండవసారియు పడలేదు. మూఁడవసారి మేము లేచి కాగితము కదలకుండఁ బట్టుకొంటిమి.

సహపంక్తి భోజనములు చేసి ఉపన్యాసము లిచ్చినవారము. కులము పేరిట రెండు గ్లాసులు పెట్టుట నేరమని న్యాయస్థానమున వాదించినవారము. మా గదిలోని రెండవ గ్లాసును మాత్రము ఎవరో వచ్చి అడిగినదాఁక చూడనట్లే నటించితిమి. అంతియొకయలో పేతురునకు భయపడుటకు యెరూషలేమువారైన నుండిరి. మాకు ఎవ్వరును లేరు.

వ్యాజ్యము రెండేండ్లు నడచి ఆమెకు భాగము వచ్చినది. డిక్రీ నకలు తీసికొనుటకు అదే ముసలిదానితో మరల వచ్చినది. కిటికీ గట్టు ఖాళీగా నుండెను. గుమాస్తా వరుసగా గ్లాసులు పెట్టెను. ఆమె ఒకటి తీసికొని పూర్తిగా త్రాగి, భూమి కొలిపించుటకు సర్వేయరునకు అర్జీ యెక్కడ నియ్యవలెనో మమ్మును అడిగినది.